వాషింగ్ మెషిన్ మొరాయిస్తే ముందు నీళ్ళ సంగతి చూడు

శ్రావణీ,

మీ ఫ్రంట్ లోడ్ మెషిన్‌లో, అంటే ముందువైపు డోర్ ఉండే దాంట్లో, నీళ్ళు నిలబడిపోయాయని, డోర్ తెరుచుకోవట్లేదని, వచ్చిన మెకానిక్ ఒక్క స్క్రూ కూడా విప్పకుండా బోర్డు పోయింది తొమ్మిది వేలవుతుంది అన్నాడని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అతనికి ఇప్పుడే సరే అనకు. బోర్డు అంటే మెషిన్‌ని నడిపే ఎలక్ట్రానిక్ సర్క్యూట్, అది పోతే మామూలుగా లైట్లు వెలగవు, లేదంటే బటన్లు పలకవు, ఎక్కడపడితే అక్కడ ఆగిపోతుంది. నీదేమో నీళ్ళు పట్టుకుంది, గంటసేపు ఉతికింది, ఆ నీళ్ళు బయటికి పంపే దగ్గర మాత్రమే ఆగింది. కాబట్టి ముందు చూడాల్సింది కింద ఉండే డ్రెయిన్ ఫిల్టర్, తర్వాత పైపు, తర్వాత పంపు, ఇవన్నీ అయ్యాకే బోర్డు మాట. మా బ్లాకులో ఎవరి మెషిన్ మొరాయించినా కంపెనీకి కంటే ముందు నాకే ఫోన్ చేస్తారు, నేను చూసిన వాటిలో ఎక్కువ భాగం నీళ్ళు రాక, నీళ్ళు పోక, సబ్బు ఎక్కువై వచ్చిన గొడవలే. ఎలాగూ రాస్తున్నాను కదా అని మిగతావి కూడా రాసేస్తున్నాను, కాస్త పొడుగైనా ఓపిగ్గా చదువు, అల్లుడి చేత కూడా చదివించు.

ముందు స్విచ్ ఆపి ప్లగ్ పీకెయ్. వేడి నీళ్ళ ప్రోగ్రాం పెట్టి ఉంటే చల్లారేదాకా ఆగు. మెషిన్ ముందువైపు కింద మూలన చిన్న పలక లాంటి మూత ఉంటుంది, అది డిజైన్‌లో భాగం అనుకుని ఏళ్ళ తరబడి ముట్టుకోనివాళ్ళు ఉన్నారు. రూపాయి బిళ్ళ అంచు పెట్టి లాగితే ఊడి వస్తుంది. లోపల రెండు కనిపిస్తాయి, వేలి లావు రబ్బరు పైపు ఒకటి, దాని పక్కన గుండ్రటి పెద్ద బిరడా ఒకటి. తొందరపడి బిరడా తిప్పావంటే యుటిలిటీ బాల్కనీ అంతా చెరువే. ముందు ఆ సన్న పైపు బయటికి లాగి, చివరన ఉన్న మూత తీసి, నీళ్ళు వదులు. బకెట్ పట్టదు, పైపు నేలకి అంత దగ్గరగా ఉంటుంది, అందుకని అంచులున్న వెడల్పాటి పళ్ళెం పెట్టుకో, నిండగానే పైపు మూత బిగించి పారబోసి మళ్ళీ పట్టు. కొన్ని మోడల్స్‌లో ఈ సన్న పైపు ఉండదు, అప్పుడు బిరడానే పావు చుట్టు చొప్పున వదులు చేస్తూ, గుడ్డలు పరిచి, నెమ్మదిగా కార్చాలి. ఇది విసుగు పుట్టించే పని, ఫోన్లో ఏదైనా పాత పాటలు పెట్టుకుని కూర్చో.

నీళ్ళు అయిపోయాక బిరడా ఎడమవైపుకి తిప్పి లాగు. చేతికి మొదట తగిలేది నల్లగా జిగటగా ఉన్న దారాల ముద్ద, అందులో వెంట్రుకలు చుట్టుకుని ఉంటాయి, దాన్ని వేళ్ళతో విడదీస్తే లోపల్నించి జాకెట్టు హుక్కులు, చొక్కా గుండీలు, పిన్నీసు, జేబులో మర్చిపోయిన బిల్లు కాగితం గుజ్జు బయటపడతాయి. మా పక్కింటావిడ దాంట్లో మెట్టె దొరికింది. దాని కోసం ఆవిడ పనమ్మాయిని అనుమానించి మాన్పించేసింది కూడా, అది వేరే కథ. ఫిల్టర్‌ని కొళాయి కింద పెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దు, అది ఉన్న గుంతలోకి టార్చ్ వేసి చూడు. లోపల చిన్న ఫ్యాన్ రెక్క కనిపిస్తుంది, అదే పంపు. చెంచా కాడతో నెట్టి చూడు, ఆగి ఆగి తిరిగితే బాగున్నట్టే, లోపల అయస్కాంతం ఉంటుంది కాబట్టి అది మామూలే. అసలు కదలకపోతే ఏదో ఇరుక్కుంది, ఎక్కువగా దారమో, బ్రా లోంచి ఊడిన తీగో అయి ఉంటుంది. తీసెయ్. బిరడా తిరిగి పెట్టేటప్పుడు మర వంకర పడకుండా చూసుకుని గట్టిగా బిగించు, సబ్బు డ్రాయర్‌లో ఒక చెంబెడు నీళ్ళు పోసి స్పిన్ ఒక్కటే పెట్టి చూడు. అప్పటికీ పోకపోతే వెనక డ్రెయిన్ పైపు గోడకి నొక్కుకుపోయి మడత పడిందేమో, అది దూరిన గోడ రంధ్రం మూసుకుపోయిందేమో చూడాలి. అవీ బాగుండి, పంపు మూలుగు మాత్రం వినిపించి నీళ్ళు కదలకపోతే పంపు మార్చాలి. పంపు ఖరీదుకీ బోర్డు ఖరీదుకీ చాలా తేడా ఉంటుంది, అందుకే ఇంత చెప్తున్నాను.

డోర్ విషయం. లోపల నీళ్ళున్నా, వేడిగా ఉన్నా లాక్ వదలదు, అది నీ మంచికే. నీళ్ళు పోయాక కరెంటు తీసేసి రెండు మూడు నిమిషాలు ఆగితే చాలా మెషిన్లలో టిక్కుమని శబ్దం వచ్చి వదులుతుంది. హ్యాండిల్ పట్టుకుని అల్లుడి బలమంతా చూపించొద్దు, విరిగేది హ్యాండిలే. కొన్నిటికి ఆ కింద మూత లోపలే చిన్న ప్లాస్టిక్ నాడా ఉంటుంది, కరెంటు పోయినప్పుడు అది లాగితే డోర్ వస్తుంది, నీ మాన్యువల్‌లో ఉందేమో చూసుకో.

ఈ ఫిల్టర్ పని నెలకోసారి చేసుకుంటే పావుగంట కూడా పట్టదు. ఇక ఈ ఊళ్ళో మెషిన్ ఆయుష్షు తగ్గించే అసలు సంగతికి వస్తాను.

మీరు ఉండేది బెంగళూరులో వర్తూరు వైపు. మీ సంపులోకి ఏ రోజు ఏ నీళ్ళు దిగుతాయో మీ వాచ్‌మన్‌కి తప్ప ఎవరికీ తెలియదు. ఒకరోజు బోరు, ఒకరోజు ట్యాంకర్, రాసి పెట్టి ఉంటే కావేరి. 2024 ఎండాకాలంలో బోర్లు ఎండిపోయి సగం ఊరు ట్యాంకర్ల వెంట పడింది, నువ్వప్పటికి ఇక్కడికి రాలేదు. ఆ ఏడాది అక్టోబర్‌లో కావేరి నీళ్ళ పథకం ఐదో దశ మొదలుపెట్టారు, శివారులో కలిసిన 110 గ్రామాల కోసమని. కనెక్షన్ వచ్చిన అపార్ట్‌మెంట్లు కూడా చాలక బోరు కలుపుకుంటూ ఉంటాయి. కావేరి నీళ్ళు దాదాపు వంద కిలోమీటర్ల దూరం నుంచి పంపు చేసి తెచ్చేవి, నది నీళ్ళు, సబ్బు ఇట్టే నురగొస్తుంది. బోరు నీళ్ళు వందల అడుగుల లోతున రాతి సందుల్లోంచి వచ్చేవి, కాల్షియం, మెగ్నీషియం కరిగి ఉంటాయి. ట్యాంకర్‌లో వచ్చేది కూడా ఎక్కడో ఒక బోరు నీళ్ళే. ఈ నీళ్ళు వేడెక్కితే అందులో ఉన్నది తెల్లటి పెంకులా గట్టిపడి హీటర్ రాడ్‌కి పట్టుకుంటుంది. మన ఫ్రంట్ లోడ్‌లో హీటర్ డ్రమ్ము కిందే దాక్కుని ఉంటుంది, కంటికి కనిపించదు, అందుకే ఎవరికీ పట్టదు. పెంకు మందమయ్యేకొద్దీ నీళ్ళు వేడెక్కడానికి ఎక్కువ సేపు పడుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది, ఒకరోజు రాడ్ కాలిపోతుంది. బట్టల సంగతి సరేసరి, తెల్లవి బూడిద రంగులోకి తిరుగుతాయి, తువ్వాళ్ళు ఒళ్ళు గీసుకుపోయేలా తయారవుతాయి.

మీ నీళ్ళు ఎలాంటివో తెలుసుకోవడానికి ఆర్‌ఓ మనిషి పెన్ను లాంటిది ముంచి చూపించే అంకె చాలదు. అది టీడీఎస్, నీళ్ళలో కరిగిన ఉప్పులన్నీ కలిపి చెప్పేది, మనకి కావాల్సింది కాఠిన్యం, అంటే హార్డ్‌నెస్ విడిగా. దానికి రంగు మారే పట్టీలు ఆన్‌లైన్లో దొరుకుతాయి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. మీకు 300 పైన వస్తే మెషిన్‌ని కాస్త ఎక్కువ కనిపెట్టుకుని ఉండాలని అర్థం. పట్టీలు లేకపోయినా పర్లేదు, చిన్న సీసాలో సగం దాకా కొళాయి నీళ్ళు పోసి, ఒంటి సబ్బు తురుము చిటికెడు వేసి బాగా గిలకొట్టు. నురగ నిలబడితే మంచి నీళ్ళు. నురగ రాకుండా పైన తెల్లటి తెట్టు తేలి నీళ్ళు మసకబారితే ఉప్పునీళ్ళు. ఇదే సీసా పరీక్ష నెలలో రెండు మూడుసార్లు చెయ్యి, మీ సంపులో ఏది కలుస్తోందో నీకే తెలిసిపోతుంది.

ఉప్పునీళ్ళకి మందు నిమ్మ ఉప్పు. కిరాణా కొట్లో అడిగితే ఇస్తారు, పులిహోరలో కొంతమంది వేస్తారే అదే. ఖాళీ డ్రమ్ములో వంద గ్రాములు వేసి, సబ్బు వేయకుండా, అరవై డిగ్రీల కాటన్ ప్రోగ్రాం మొత్తం తిప్పు, తర్వాత ఒకసారి ఉత్త నీళ్ళతో జాడించే ప్రోగ్రాం పెట్టు. రెండు మూడు నెలలకోసారి చాలు. అలవాటుగా వారం వారం చేయకు, డ్రమ్మును వెనక పట్టి ఉంచే లోహం అల్యూమినియంది, ఆమ్లం ఎక్కువైతే దానికి మంచిది కాదు. పెంకు వదలగొట్టే కంపెనీ డిస్కేల్ పొడి కొన్నా తప్పులేదు, వారంటీ ఉన్నంతకాలం వాళ్ళదే వాడితే మాట పడక్కర్లేదు కూడా. ఒక్కటి మాత్రం బాగా గుర్తుపెట్టుకో, నిమ్మ ఉప్పు వేసిన రోజు బ్లీచింగ్ పౌడర్ గానీ బ్లీచ్ ద్రవం గానీ దగ్గరికి కూడా రానీయకు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, మూసి ఉన్న యుటిలిటీలో ఊపిరి ఆడదు.

సర్వీసుకి వచ్చిన కుర్రాడు కొళాయికి తగిలించే చిన్న ఫిల్టర్ ఒకటి అంటగడతాడు, హార్డ్ వాటర్ అంతా సాఫ్ట్ అయిపోతుంది అంటాడు. అవదు. లోపల గుళికలుండే ఆ రకం, పెంకు కట్టడాన్ని కొంచెం తగ్గిస్తుందేమో కానీ కాల్షియంని నీళ్ళలోంచి తీసెయ్యదు. నిజంగా తీసేది రెసిన్ ఉండే సాఫ్టెనర్, దానికి అప్పుడప్పుడూ ఉప్పు పోసి మళ్ళీ సిద్ధం చేయాలి, అద్దె ఇంట్లో అది పెట్టించుకోవాలా వద్దా అన్నది మీరు ఎన్నాళ్ళు ఉంటారన్న దాన్ని బట్టి. అసోసియేషన్ వాళ్ళు మొత్తం బిల్డింగ్‌కి పెట్టారేమో ముందు కనుక్కో. పెట్టి ఉంటే దానికి ఉప్పు వేస్తున్నారా అని కూడా కనుక్కో, చాలా చోట్ల యంత్రం ఉంటుంది, ఉప్పే ఉండదు.

ట్యాంకర్ నీళ్ళతో ఇంకో తలనొప్పి ఇసుక. కొళాయి నుంచి వచ్చే పైపు మెషిన్ వెనక కలిసే చోట చిన్న జల్లెడ ఉంటుంది, అందులో ఎర్రమన్ను, సన్న ఇసుక పేరుకుంటే నీళ్ళు సన్నధారగా వస్తాయి, కొంతసేపు చూసి మెషిన్ నీళ్ళు లేవని చెప్పి ఆగిపోతుంది. కొళాయి కట్టేసి, పైపు చేత్తో విప్పి, జల్లెడని కటింగ్ ప్లయర్‌తో నెమ్మదిగా లాగి కడిగి పెట్టు. వాషర్ పోగొట్టకు. మీది పై అంతస్తు అయితే ట్యాంకు దగ్గరగా ఉండి నీళ్ళ ఒత్తిడే చాలకపోవచ్చు. పది మీటర్ల ఎత్తుంటే ఒక బార్ ఒత్తిడి వస్తుంది, చాలా మెషిన్లకి కనీసం దాంట్లో మూడో వంతో సగమో కావాలి, అంటే ట్యాంకు మెషిన్ కంటే మూడు నాలుగు మీటర్లయినా పైన ఉండాలి. లేకపోతే చిన్న ప్రెషర్ పంపు పెట్టడం తప్ప దారిలేదు, మెషిన్ మార్చినా ఇదే పాట.

ఇప్పుడు సబ్బు. చేత్తో ఉతికే పొడి దీంట్లో వెయ్యకు. మనకి నురగ ఎంత వస్తే అంత శుభ్రం అని అమ్మమ్మల కాలం నుంచి ఒక నమ్మకం, ఫ్రంట్ లోడ్‌కి నురగంటే పడదు. బట్టలు పైకి వెళ్ళి దబ్బున కింద పడితేనే మురికి వదులుతుంది, నురగ నిండితే పరుపు మీద పడ్డట్టు పడతాయి, మురికి వదలదు, పంపు కూడా నురగని లాగలేదు. అది గమనించి మెషిన్ జాడించడం పెంచుకుంటూ పోతుంది, గంటలో అవ్వాల్సింది రెండున్నర గంటలు తిరుగుతుంది. ఇక్కడే మన ఊరి నీళ్ళ మెలిక ఉంది, ఉప్పునీళ్ళకి సరిపోయిన కొలత కావేరి నీళ్ళొచ్చిన వారం అదే బట్టలకి రెట్టింపు నురగ ఇస్తుంది. మెషిన్ పాడయిందని నువ్వు కంగారుపడతావు, మారింది సంపులో నీళ్ళు. అందుకే సీసా పరీక్ష చెయ్యమంది. కావేరి రోజుల్లో డబ్బా మీద రాసిన కొలతకి సగంతో మొదలుపెట్టి, బట్టలు చూసి పెంచుకో. బోరు రోజుల్లో ఆ కొలత పూర్తిగా వెయ్యి. డబ్బా మీద ఫ్రంట్ లోడ్ అని రాసి ఉండాలి. పొడి, ద్రవం రెండిట్లో నాకు ఉప్పునీళ్ళ ఇళ్ళకి పొడే నచ్చుతుంది, అందులో కాఠిన్యాన్ని పట్టేసే సోడా లాంటివి కలిపి ఉంటాయి. ద్రవం డ్రాయర్‌లో పేరుకోదు, నల్ల బట్టల మీద తెల్లటి చారలు వదలదు, దాని సుఖం దానిది. నురగ ఎప్పుడైనా అద్దం దాకా నిండిపోతే అరగంట అలా వదిలేసి, సబ్బు లేకుండా జాడింపు, స్పిన్ పెట్టు, సర్దుకుంటుంది.

సబ్బు డ్రాయర్ పూర్తిగా బయటికి వస్తుందని తెలుసా నీకు? మధ్యలో రంగు నొక్కు ఒకటి ఉంటుంది, అది నొక్కి లాగు. పువ్వు గుర్తున్న అర బట్టలు మెత్తబరిచే సాఫ్టెనర్ ద్రవానిది, దాని మీద చిన్న టోపీ ఉంటుంది, అది తీసి కడుగు, అక్కడ జిగురు చేరితే నీళ్ళు లాగకుండా అందులోనే నిలబడిపోతాయి. రెండు గీతలున్న అరలో సబ్బు, ఒక గీత ఉన్నది ముందు నానబెట్టే ప్రోగ్రాంకి మాత్రమే. రోజూ ఒక గీత అరలో వేసి సబ్బు వృథా చేసేవాళ్ళని చాలామందిని చూశాను.

మెషిన్ తెరిస్తే తడి గోనెసంచి వాసన వస్తోందని మీ అమ్మ అంది. ఎప్పుడూ చల్లనీళ్ళ ప్రోగ్రాం, దానికి తోడు సాఫ్టెనర్ ఎక్కువ, అయిపోగానే డోర్ బిగించెయ్యడం, ఈ మూడూ కలిస్తే లోపల పాచి పట్టకుండా ఎలా ఉంటుంది. డోర్ చుట్టూ ఉన్న బూడిదరంగు రబ్బరు మడతని వేలితో వెనక్కి తిప్పి చూడు, అడుగు భాగంలో నీళ్ళు నిలిచి, వెంట్రుకలు, నల్ల చుక్కలు కనిపిస్తాయి. అక్కడే చిన్న రంధ్రాలుంటాయి, అవి మూసుకుపోతేనే నీళ్ళు నిలుస్తాయి. పాత బనియన్ గుడ్డ తడిపి కాస్త సబ్బు ద్రవంతో తుడు, లోపలి మడత దాకా వెళ్ళాలి. ఆ రోజు ఆఖరి ఉతుకు అయ్యాక రబ్బరు పొడిగుడ్డతో తుడిచి, డోరూ డ్రాయరూ కొంచెం తెరిచి ఉంచు. పసిపిల్లలు వచ్చే ఇల్లయితే మాత్రం చూసుకోవాలి, లోపలికి దూరతారు. తువ్వాళ్ళు, దుప్పట్లు వారానికోసారి అరవై డిగ్రీల్లో ఉతుకు, నెలకోసారి డ్రమ్ క్లీన్ పెట్టు. నల్ల మచ్చలు రబ్బరులో ఇంకిపోయి ఉంటే ఇక పోవు, కానీ వాసన పోతుంది.

బట్టలు వేసే విషయంలో రెండే మాటలు. ఏడు కిలోలు, ఎనిమిది కిలోలు అని రాసేది పొడి బట్టల బరువు, నింపాక పైన అరచెయ్యి నిలువుగా పట్టేంత ఖాళీ ఉండాలి. మరీ తక్కువైనా చిక్కే, ఒక్క దుప్పటి ఒంటరిగా వేస్తే అది ముద్దయి ఒక పక్కకి చేరుతుంది, మెషిన్ సర్దడానికి అటూ ఇటూ తిప్పి తిప్పి చివరికి స్పిన్ చెయ్యకుండా ఆపేస్తుంది, రెండు తువ్వాళ్ళు తోడు వెయ్యి. వెనక రబ్బరున్న కాళ్ళు తుడుచుకునే పట్టా, రెయిన్‌కోటు స్పిన్‌కి వెయ్యొద్దు, నీళ్ళు పట్టుకుని ఎగిరిపడతాయి. గంజి మెషిన్‌లో పెట్టకు. పట్టుచీరల గురించి నీకు చెప్పక్కర్లేదనుకుంటాను.

తెర మీద అక్షరాలు కనిపిస్తే టెన్షన్ పడకు, అవి దాదాపు అన్నీ పైన చెప్పిన వాటి గురించే. ఎల్‌జీలో ఐఈ అంటే నీళ్ళు రావట్లేదు, ఓఈ అంటే పోవట్లేదు, యూఈ అంటే బరువు సర్దుకోలేదు, డీఈ అంటే డోర్ సరిగ్గా పడలేదు. సామ్‌సంగ్‌లో 4సీ గానీ 4ఈ గానీ నీళ్ళు రాకపోతే, 5సీ గానీ 5ఈ గానీ నీళ్ళు పోకపోతే. బాష్‌లో ఈ18 నీళ్ళు పోకపోతే వస్తుంది. సీఎల్ అని చూసి మెకానిక్‌ని పిలిచినవాళ్ళున్నారు, ఎల్‌జీలో అది పిల్లలు నొక్కకుండా పెట్టే చైల్డ్ లాక్. నీళ్ళు వస్తూనే ఉన్నాయి, పోతూనే ఉన్నాయి, ఎంతసేపటికీ నిండవు అంటే డ్రెయిన్ పైపు చివర నేల మీద పడి ఉందని అర్థం. అది నేల నుంచి అరవై సెంటీమీటర్ల పైన, మీటర్ లోపు ఎత్తుకి వెళ్ళి అక్కడ వంగాలి, లేకపోతే పట్టిన నీళ్ళు పట్టినట్టే జారిపోతాయి. పాత అపార్ట్‌మెంట్లలో నేల జాలీలోకే వదులుతారు కాబట్టి పైపుని వంపు కొక్కేనికి తగిలించి పైకి కట్టి, ఆ తర్వాత కిందికి దించాలి.

కరెంటు దగ్గర మాత్రం మన తెలివి చూపించకూడదు. హీటర్ ఒక్కటే రెండు వేల వాట్ల దాకా లాగుతుంది, అది 16 ఆంపియర్ సాకెట్ పని, ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద పెట్టొద్దు. ఒంటికి తడి ఉన్నప్పుడు మెషిన్ తగిలి జివ్వుమంటే ఎర్తింగ్ లేదని అనుమానించు, ఆ క్షణమే వాడటం ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలు, అద్దె ఇల్లయినా అది ఓనర్ చేయించాల్సిన పనే. యుటిలిటీ గ్రిల్‌లోంచి వాన జల్లు పడే చోటయితే కవర్ వెయ్యి. ఎలుకలు తిరిగే చోటయితే అడుగున జాలీ పలక కూడా పెట్టించు, అవి వైర్లు కొరికాయంటే చాలా కంపెనీల వారంటీ రాదు.

శబ్దాల్లో దేన్ని పట్టించుకోవాలో చెప్తాను. టకటకమని చిన్న చప్పుడు డ్రమ్ముతో పాటు తిరుగుతుంటే బిళ్ళో హుక్కో ఇరుక్కుంది. గదంతా కదిలిపోతుంటే కాళ్ళు సమంగా లేవు, నాలుగు కాళ్ళూ నేలకి ఆని, కింద నట్లు బిగిసి ఉండాలి. చక్రాల స్టాండ్ మీద ఎక్కించి ఉంటే దించెయ్. స్పిన్‌లో విమానం లేచినట్టు మోత వచ్చి నెలనెలా పెరుగుతుంటే మాత్రం బేరింగ్, ఖాళీ డ్రమ్ము చేత్తో తిప్పినా గరగరమంటుంది. అది ఇంట్లో చేసుకునే పని కాదు, ఖర్చు కూడా గట్టిదే, మెషిన్ వయసు చూసి చేయించాలో మార్చాలో అప్పుడు మాట్లాడుకుందాం.

మెకానిక్‌ని పిలవాల్సి వస్తే గూగుల్‌లో కస్టమర్ కేర్ అని కొట్టి మొదట వచ్చిన నంబర్‌కి చెయ్యకు, దొంగ నంబర్లు చాలా తిరుగుతున్నాయి, పేరు కంపెనీది, మనిషి ఎవడో. మాన్యువల్‌లోనో, మెషిన్ మీద స్టిక్కర్‌లోనో, కంపెనీ సొంత యాప్‌లోనో ఉన్న నంబర్ వాడు. ఓటీపీ అడిగినా, పది రూపాయలు పంపి రిజిస్టర్ చేసుకోమన్నా ఫోన్ పెట్టెయ్. పార్టు మారిస్తే పాతది చేతికి ఇమ్మను, బిల్లు మీద పార్టు పేరు, దానికి వారంటీ రాయించు. మోటార్‌కి పదేళ్ళ వారంటీ అని ముందు అతికించిన స్టిక్కర్ చూసి మురిసిపోకు, అది మోటార్‌కి మాత్రమే, బోర్డుకీ పంపుకీ కాదు.

ఇంకొకటి, మీ అగ్రిమెంట్ పదకొండు నెలలదే కదా. ఇల్లు మారేటప్పుడు ప్యాకర్స్ వాళ్ళు ఈ మెషిన్‌ని ఫ్రిజ్‌లాగే ఎత్తి లారీలో పెట్టేస్తారు, ఊరుకోకు. కొత్తగా వచ్చినప్పుడు వెనక నాలుగు పొడవాటి బోల్టులు బిగించి వచ్చాయి, బిగించిన కుర్రాడు విప్పి ఇచ్చి ఉంటాడు. డ్రమ్ము లోపల స్ప్రింగులకి వేలాడుతూ ఉంటుంది, ప్రయాణంలో కొట్టుకోకుండా ఆ బోల్టులే పట్టి ఉంచుతాయి. వాడేటప్పుడు అవి తీసి ఉండాలి, లేకపోతే స్పిన్‌లో మెషిన్ నడుచుకుంటూ వంటింట్లోకి వస్తుంది. లారీ ఎక్కేటప్పుడు మళ్ళీ బిగించాలి. ఈ ఆదివారం అవి ఎక్కడున్నాయో వెతుకు, మాన్యువల్, బిల్లు, బోల్టులు ఒకే కవర్‌లో పెట్టి బీరువా మీద పడెయ్. దొరక్కపోతే మోడల్ నంబర్ చెప్పి కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడిగితే తెప్పిస్తారు, కాకపోతే ఇల్లు ఖాళీ చేసే వారం దాకా ఆగకు.

ఉంటాను,
పెద్దమ్మ